కుండీ మిరపలో ఆకుముడత: ముందు చూడాలా, ముందు చల్లాలా?

అనంత మిద్దెతోట:
అనంతపురంలో మా మిద్దెమీద నల్ల ప్లాస్టిక్ కుండీల్లో నాటిన మిరప నారు బాగానే నిలదొక్కుకుంది గానీ, ఇప్పుడు చిగుళ్లు ముడుచుకుపోతున్నాయి. పోసేది బోరు నీళ్లు. మొక్కలు పెంచడం నాకు కొత్త. మందుల దుకాణంలో ఆకును చూడకుండానే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు డబ్బా చేతిలో పెట్టారు. చల్లమంటారా?

ఆదోని రైతు:
వెంటనే చల్లండి. మిరపలో చిగురు ముడిచిందంటే తామర పురుగో తెల్లదోమో చేరిందనే అర్థం. తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్ మొక్కకు సోకితే దాన్ని నయం చేసే మందు లేదు, పీకి పారేయవలసిందే.

కడప మాస్టారు:
ఆకు ఎటు ముడిచిందో అడగకుండా మందు చెప్పడం నాకు సమ్మతం కాదు. అంచులు పైకి లేచి దోనెలా ముడిస్తే అది పై ముడత, తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, ఆకు సన్నబడి, కాడ సాగితే అది కింది ముడత, తెల్లనల్లి పని. ఆకులు చిన్నవై, గిడసబారి, ఈనెలు పసుపెక్కి, మొక్క ఎదుగుదలే ఆగిపోతే వైరస్‌ను అనుమానించాలి. తెల్ల కాగితం మీద చిగురును తట్టండి. తామర పురుగులుంటే సన్నని పసుపు నలుసుల్లా పాకుతూ కనబడతాయి. నల్లి మామూలు కంటికి ఆనదు, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కావాలి. పైగా ఇమిడాక్లోప్రిడ్ నల్లి మీద పనిచేయదు.

గుత్తి వాసి:
మా కుండీల్లోనూ ఇదే బాధ. సమాధానం కోసం చూస్తున్నాను.

నంద్యాల నీరజ:
ఇద్దరూ పురుగు దగ్గరే ఆగిపోయారు. మధ్యాహ్నం ముడిచిన ఆకు తెల్లవారేసరికి విచ్చుకుంటోందా? అలాగైతే అది ఎండకు మొక్క తనను తాను కాపాడుకోవడమే తప్ప రోగం కాదు. ఏప్రిల్ ఎండకు కాలిన మిద్దె మీద నల్ల కుండీలో వేళ్లు ఉడికిపోతాయి. కుండీ అంచున తెల్లటి పొర కడితే బోరు నీటిలోని ఉప్పు పేరుకుందని అర్థం. అప్పుడు అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా మంచి నీళ్లు పోసి కడగాలి.

ఆదోని రైతు:
కాగితాలు, భూతద్దాలు కూర్చొని చూసుకునే తీరిక ఉన్నవారికి. 2021లో నల్ల తామర పురుగు మన మిరప మీద పడ్డప్పుడు, అది ఏ పురుగో తేలాక చల్లమని చెప్పినవారి మాట విని నేను ఆగాను. తేలేలోపు పూత మొత్తం రాలిపోయింది. ఆ సంవత్సరం అప్పు ఎవరు తీర్చారో అడగండి.

కడప మాస్టారు:
మీ నష్టాన్ని కాదనడం లేదు. అయితే పొలం వేరు, ఇంట్లో పిల్లలు తెంపుకొని తినే నాలుగు కుండీలు వేరు. ఆకును చూడకుండా డబ్బా అమ్మే దుకాణదారు మాటను మీరెందుకు వెనకేసుకొస్తున్నారు?

ఆదోని రైతు:
ఎందుకంటే మా ఊరికి ఆ దుకాణమే ఆసుపత్రి, దుకాణదారే డాక్టరు. పంట పోయే వేళ పిలిస్తే పలికేది, అరువిచ్చేది అతనొక్కడే. మీరు అతన్ని తప్పుపడితే, అతని మాట విన్న నేను తెలివితక్కువవాణ్ణని చెప్పినట్లే. పట్టణంలో కూర్చున్నవారికి రైతు సరదాకు విషం చల్లుతున్నట్లు కనబడుతుంది.

కడప మాస్టారు:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. అరువు ఇచ్చే చేయి, మందు చెప్పే నోరు ఒకరివే కావడం పట్లనే నా అభ్యంతరం. ఆ డబ్బా నల్లికి పనిచేయకపోతే నష్టపోయేది మీరు, అతను కాదు.

గుత్తి వాసి:
పెద్దలిద్దరూ దయచేసి ఆకు దగ్గరికి రండి.

అనంత మిద్దెతోట:
కాగితం మీద తట్టాను, ఏమీ పాకలేదు. ఆకుల అంచులు కిందికే వంగాయి, కాడలు పొడవుగా సాగాయి, ఆకు అడుగుభాగం గోధుమ రంగు తిరిగి నిగనిగలాడుతోంది. ఉదయం చూసినా ముడత అలాగే ఉంది. నీరజ గారూ, కుండీల అంచున తెల్ల పొర కూడా కనబడలేదు.

కడప మాస్టారు:
అయితే తెల్లనల్లే అయ్యుండాలి. బాగా ముడిచిన చిగుళ్లను తుంచి సంచిలో కట్టి పారేయండి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి, ఎండ పూర్తిగా తగ్గాక, ఆకుల అడుగున తడిసేలా చల్లండి. పట్టపగలు చల్లితే ఆకు మాడుతుంది. వేపనూనెను దానితో కలపకండి, ఈ మధ్యే వేపనూనె చల్లి ఉంటే రెండు వారాలు ఆగండి.

ఆదోని రైతు:
నల్లి అయినా మందు చల్లక తప్పలేదు కదా. ఆలస్యం చేయవద్దన్న నా మాటే నిలిచింది.

కడప మాస్టారు:
ఏ మందన్నదే కదండీ ఇంతసేపు మనం వాదించుకున్నది.

ఆదోని రైతు:
మీరు వాదించింది దుకాణదారు గురించి. అనంత గారూ, పక్క కుండీలను దూరం జరపండి, ఈ నల్లి గాలికి కూడా పాకుతుంది. ఆ డబ్బా మూత తీయకపోతే తిరిగి ఇచ్చేయండి. తీసుకోనంటే ఏ దుకాణమో నాకు విడిగా రాయండి, నేను మాట్లాడతాను.