తిరునాల రేకు పడవ టపటపమనడం లేదు

ప్రశ్న, కడప: పాపతో కలిసి పాతకాలం ఆటబొమ్మలు పోగేస్తున్నా. ఈ రేకు పడవలో ఒత్తి బాగానే వెలుగుతోంది, పడవ మాత్రం కదలదు. ఏం చేయాలన్నా?

జవాబు, కర్నూలు: పడవ వెనకున్న రెండు గొట్టాల్లో గాలి నిలిచింటుందమ్మా. ముక్కు కిందికి వంచి, ఒక గొట్టంలోకి సిరంజీతో నీళ్లు మెల్లగా ఎక్కించు. రెండోదాంట్లో బుడగలు ఆగి ధార రావాల. రెండు మూతులూ వేళ్లతో మూసి, తొట్టిలో మునిగినాకే వదులు. ఒత్తి పైనున్న రేకు డబ్బాలో వేడికి పుట్టిన ఆవిరి నీళ్లను వెనక్కి తోస్తుంది, చల్లబడగానే నీళ్లు మళ్లీ లోపలికొస్తాయి. ఆ రాకపోకలకే డబ్బా పైరేకు టపటపలాడేది. పాపకు చూపించాల్సిందే అది!

జవాబు, అనంతపురం: అప్పటికీ కదలకుంటే టంకం కారుతోందేమో చూడక్కా. నీళ్లలో ముంచి, ఒక గొట్టం మూసి, రెండోదాంట్లోకి సిరంజీతో గాలి కొడితే కారే చోట బుడగలొస్తాయి. నీళ్లు లేకుండా మంట పెడితే టంకం ఊడుతుంది. ఆడినాక నీళ్లు దులిపి ఆరబెట్టు, లేకుంటే తుప్పే. పాత రంగులో సీసం ఉండొచ్చు, పాపను నోట్లో పెట్టుకోనీయొద్దు.