సెకండ్ హ్యాండ్ 2021 మోడలా, కొత్త బేస్ వేరియంటా? ఏది తీసుకోమంటారు

పరకాల_రూట్_టీచర్:

అందరికీ నమస్తే. రెండు వారాలుగా ఇంట్లో ఇదే చర్చ, ఎటూ తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మేము హనుమకొండలో ఉంటాం. నా స్కూల్ పరకాల దగ్గర ఒక ఊళ్లో, పోను రాను రోజుకు డెబ్బై కిలోమీటర్లు. మా వారిది భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం, వారానికోసారి ఆయన రావడమో మేం పోవడమో ఉంటుంది. నెలకోసారి హైదరాబాద్‌లో మా చెల్లె వాళ్లింటికి. ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ, మేమిద్దరం, మొత్తం ఐదుగురం. కారు నేనే నడుపుతాను, గేర్ల కారే అలవాటు.

ఇప్పుడున్నది 2013లో కొన్న చిన్న కారు. ఇంజన్ ఇంకా బాగానే ఉంది, కానీ గూడెప్పాడ్ దాటాక ఇసుక లారీలు, బొగ్గు లారీలు తిరిగీ తిరిగీ రోడ్డు మీద ఎక్కడ గుంత పడి ఉంటుందో తెలియదు, ఐదుగురం ఎక్కితే చాలు కింద టక్కుమని తగులుతుంది. అంతకంటే పెద్ద సమస్య మా అత్తమ్మ మోకాళ్లు. ఎక్కడం ఎలాగోలా ఎక్కుతుంది, దిగడమే కష్టం. సీటు మరీ కిందికి ఉండేసరికి ఒక చెయ్యి డోర్ మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద వేసి, "ఆగు బిడ్డా" అంటూ రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ ఊగి అప్పుడు లేస్తుంది. మొన్న భద్రకాళి గుడి దగ్గర దిగుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎత్తుగా ఉండే కారు తీసుకోవాల్సిందేనని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

బడ్జెట్ అన్నీ కలిపి 9 లక్షలు. చేతిలో 4 ఉన్నాయి, 5 లోన్. రెండు కార్లు చూశాం. ఒకటి 2021 మోడల్ పెట్రోల్, మధ్య వేరియంట్, ఫస్ట్ ఓనర్, 27 వేల కిలోమీటర్లు తిరిగింది, సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ అన్నీ ఉన్నాయి, ఇక్కడే ఒక సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గర 7 లక్షల 60 వేలు చెప్తున్నాడు. రెండోది అదే సైజులో కొత్త కారు, బేస్ వేరియంట్, స్క్రీన్ లేదు, సన్‌రూఫ్ లేదు, ఆన్‌రోడ్ 9 లక్షల 5 వేలు కొటేషన్ ఇచ్చారు. పిల్లలు సన్‌రూఫ్ కావాలని ఒకటే గొడవ. మా వారు "లక్షన్నర మిగులుతుంది కదా, పాతదే తీసుకుందాం" అంటున్నారు. నాకు పాత కారు అంటే భయంగానే ఉంది, అయితే ఆ భయానికి కారణం చెప్పమంటే చెప్పలేకపోతున్నాను. మీరైతే ఏం చేస్తారు?

కాజీపేట_జంక్షన్:

మేడం, మీ భయానికి కారణం నేను చెప్తాను, ఎందుకంటే ఆ కారణం నాకు చాలా డబ్బులు పోయాక తెలిసింది.

2024 మొదట్లో నేను కూడా ఇలాగే ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. తక్కువ కిలోమీటర్లు, మెరిసిపోతోంది, లోపల సెంటు వాసన. మూడు నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. వానలు మొదలయ్యాక ఒక పక్క అద్దం దిగడం మానేసింది, సరే అని బాగు చేయించాను. తర్వాత ఏసీ బ్లోయర్ పోయింది, అదీ మార్పించాను. ఒక రోజు హైదరాబాద్ నుంచి వస్తుంటే జనగామ దాటిన కాసేపటికి మీటర్ మీద లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి ఇంజన్ ఆగిపోయింది. రాత్రి తొమ్మిది దాటింది, నేషనల్ హైవే 163, పక్కనుంచి లారీలు, వెనక సీట్లో నా ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ ఎవరికీ రాకూడదు.

వర్క్‌షాప్‌లో సీట్లు విప్పి కింద కార్పెట్ లేపి చూపించారు. పైన కార్పెట్ కొత్త దానిలా ఉంది, దాని కింద స్పాంజి పొర పిండితే చెయ్యి తడిసింది, ఆ కింద రేకు మీద సన్నటి ఒండ్రు మట్టి, వేలితో రాస్తే పసుపులా అంటుకుంటోంది. వైర్ల కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. 2023 జూలై వరదల్లో మునిగిన బండి అది. ఆ నెల భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు వరదలో మునిగిన సంగతి మీకు తెలుసు, హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగి ఎన్ని ఇళ్ల ముందు కార్లు మునిగాయో మనందరం చూశాం. డీలర్‌ని అడిగితే "చూసుకునే కదా కొన్నారు" అన్నాడు. లక్షకు పైగా పెట్టి బాగు చేయించాను, అయినా నమ్మకం కుదరలేదు, చివరికి ఉన్న సంగతంతా చెప్పి చాలా తక్కువకు అమ్మేశాను.

మొన్న 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫానుకు మన దగ్గర మళ్లీ అదే జరిగింది, కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఆ కార్లన్నీ ఎటు పోయాయి? కొన్ని తుక్కుకు పోయి ఉంటాయి, మిగతావి ఇప్పుడు పాలిష్ పెట్టుకుని ఎక్కడో ఒక దగ్గర నిలబడే ఉంటాయి. పాత కారు కొనొద్దని నేను అనను, కానీ ఈ ఏడాది మన వరంగల్, హనుమకొండల్లో కొనేవాళ్లు ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి, ధర తర్వాత మాట్లాడొచ్చు.

ఆటోనగర్_డెంటర్:

పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను వరంగల్ ఆటోనగర్‌లో డెంటింగ్ పెయింటింగ్ పని చేస్తాను, తుఫాను తర్వాత నెల రోజులు ఇవే బళ్లు. నేను చేసిన వాటిల్లో ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి పద్ధతిగా బాగు చేయించుకుని వాళ్లే నడుపుకుంటున్నవాళ్లు ఉన్నారు, కడిగించి అమ్మేసినవాళ్లూ ఉన్నారు.

అక్కా, మీరు చూడడానికి పోయినప్పుడు పగటి పూట పోండి. ముందు నాలుగు అద్దాలూ మూసి, ఏసీ లోపలి గాలి మీదే తిరిగేలా బటన్ నొక్కి పది నిమిషాలు కూర్చోండి, ఎంత సెంటు కొట్టినా తడి గోనె సంచి వాసన అడుగున తెలుస్తుంది. తర్వాత సీటు బెల్ట్. మామూలుగా మనం లాగేంత కాదు, ఇక రాదు అనేదాకా మొత్తం బయటికి లాగండి. నీళ్లలో ఉన్న బండి అయితే ఆ చివరి మూరెడు మీద మట్టి చార కనపడుతుంది, కడిగేవాళ్లు అందాకా లాగి కడగరు. అదే బెల్ట్ అడుగు భాగంలో చిన్న తెల్ల లేబుల్ కుట్టి ఉంటుంది, దాని మీద తయారైన తేదీ ఉంటుంది, ఎవరూ చూడరు దాన్ని. 2021 కారుకు బెల్ట్ కూడా 2021దో, 2020 చివరిదో ఉండాలి. కొత్త తేదీ ఉంటే ఆ బెల్ట్ మార్చారన్నట్టే, ఊరికే ఎవరూ మార్చరు, నీళ్లన్నా తాగి ఉండాలి, లేదంటే పెద్ద యాక్సిడెంట్ అయి ఎయిర్‌బ్యాగ్ అన్నా పేలి ఉండాలి.

సీటు పట్టాల బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెప్నీ కింద గుంతలో మట్టి, హెడ్‌లైట్లు ఒకటి పాతగా ఒకటి కొత్తగా ఉండడం, ఇవి కూడా చూడండి. బండి నంబర్ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పోయి హిస్టరీ అడగండి, ఓనర్ పక్కన ఉంటే చూపిస్తారు. ఓనర్‌ని తీసుకురానంటే ఆ డీలర్‌కి దండం పెట్టి వచ్చేయండి.

లెక్కల_కరీంనగర్:

నీళ్ల సంగతి వాళ్లు చెప్పారు, నేను డబ్బుల సంగతి చెప్తాను. ఆ 7 లక్షల 60 వేలు నాకు ఎక్కువ అనిపిస్తోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పొడవు నాలుగు మీటర్ల లోపు, ఇంజన్ 1200 సీసీ లోపు ఉన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. అంటే కొత్త కారు షోరూమ్ ధరే ఎనిమిది శాతం పైన తగ్గింది. కొత్తది తగ్గినప్పుడు పాతదీ తగ్గాలి కదా, కానీ చాలామంది డీలర్లు ఇంకా పాత లెక్కల్లోనే అడుగుతున్నారు. ఒక మాట, ఈ 18 శాతం అన్నింటికీ కాదు. బ్రెజా పెట్రోల్ ఇంజన్ 1462 సీసీ కాబట్టి అది 40 శాతంలో ఉంటుంది, నెక్సాన్, వెన్యూ, సోనెట్, త్రీఎక్స్‌ఓ పెట్రోల్ అయితే 18లోకి వస్తాయి.

లోన్ కూడా చూడండి. సెకండ్ హ్యాండ్ కారుకు వడ్డీ ఎప్పుడూ ఎక్కువే. కొత్తదానికి 9 శాతం, పాతదానికి 13 అనుకుంటే, 5 లక్షలకు ఐదేళ్ల ఈఎంఐ మొదటిదానికి 10,400 దగ్గర, రెండోదానికి 11,400 దగ్గర. నెలకు వెయ్యి, ఐదేళ్లకు అరవై వేలు. పాతది తీసుకుని లోన్ తగ్గించుకుంటే ఇంత తేడా రాదు, కానీ మీ వారు మిగులుతుందన్న లక్షన్నరలో కొంత ఇక్కడే పోతుంది. టైర్లు, బ్యాటరీ కూడా ఏడాదిలో మార్చాల్సి రావచ్చు.

పాతదానికి ఒక లాభం ఉంది, తెలంగాణ బండి అయితే లైఫ్ టాక్స్ కట్టే ఉంటుంది, మీరు మళ్లీ కట్టక్కర్లేదు. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్ఓసీ) తెచ్చుకుని ఇక్కడ టాక్స్ కట్టాలి, అది మర్చిపోవద్దు. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉంటే దాన్ని తీయించాకే మిగతా డబ్బులు ఇవ్వండి. ఓనర్ పేరు మార్చడానికి ఇచ్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ఊరుకోకుండా ఆర్సీ మీ పేరు మీదికి వచ్చేదాకా వెంటపడండి, బండి చేతులు మారిన పద్నాలుగు రోజుల్లోనే ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్చమని అడగాలి.

రోజుకు డెబ్బై అంటే ఏడాదికి ఇరవై వేలు దాటుతుంది. అన్ని కిలోమీటర్లకైతే డీజిల్ గురించి కూడా ఆలోచించాలి మేడం.

పరకాల_రూట్_టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్. నేను ఒక విషయం సరిగ్గా చెప్పలేదు. స్కూల్‌కి మేము ముగ్గురు టీచర్లం కలిసి పోతాం, వారానికి ఒకరి కారు. అంటే నా కారు స్కూల్ కోసం మూడు వారాల్లో ఒక వారమే తిరుగుతుంది. భూపాలపల్లి, హైదరాబాద్ కలిపి చూస్తే నెలకు పదకొండు వందల కిలోమీటర్లు దాటదు. పైగా వచ్చే బదిలీల్లో హనుమకొండ దగ్గరికి వస్తే అదీ ఉండదు.

లెక్కల_కరీంనగర్:

అయితే డీజిల్ మాట వదిలేయండి. ఏడాదికి పదమూడు వేల కిలోమీటర్లు, పెట్రోల్ లీటరు 107, మైలేజీ 15 అనుకుంటే 93 వేల దాకా అవుతుంది. డీజిల్ 96, మైలేజీ 20 అనుకుంటే 62 వేలు. ముప్పై వేలు మిగులుతుంది, కానీ కారు ధరలోనే లక్ష పైన తేడా ఉంటుంది, అది తిరిగి రావడానికి నాలుగేళ్లు. ఈలోపు మీకు బదిలీ అయి బండి ఊళ్లోనే తిరిగితే బీఎస్6 (ఇప్పటి పొగ నిబంధనల) డీజిల్‌లో పొగ ఫిల్టర్ మసితో నిండిపోతుంది, అది కాలాలంటే హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. మీకు పెట్రోలే సరైనది.

ములుగు_రోడ్_అమ్మ:

నేను గత ఏడాది కొత్త బేస్ వేరియంటే తీసుకున్నాను, స్క్రీన్ బయటి షాపులో పెట్టించుకున్నాను, ఏ లోటూ లేదు. నేను చూసింది ఒక్కటే, ఎయిర్‌బ్యాగులు. ఇప్పుడు వచ్చే వాటిల్లో చాలా వరకు బేస్‌లోనే ఆరు ఇస్తున్నారు, 2021 నాటి మధ్య వేరియంట్లకు ఎక్కువగా రెండే ఉండేవి, వెనక కూర్చునే పిల్లలకు పక్క నుంచి ఏ రక్షణా లేనట్టే. బేస్ అంటే తక్కువ అనే ఆలోచన పిల్లల దగ్గర తీసేయండి. ఇంకొకటి, మీ అత్తమ్మను షోరూమ్‌కి తప్పకుండా తీసుకెళ్లండి. మరీ ఎత్తు ఉన్నా కాలు పైకెత్తి పెట్టడం కష్టం, చీర కుచ్చిళ్లు గడప మీద తట్టుకుంటాయి. ఆమె దిగి చూపించాకే నిర్ణయం తీసుకోండి.

పరకాల_రూట్_టీచర్:

ఆదివారం పోయి చూసి వచ్చాం. వాసన ఏమీ రాలేదు, స్టెప్నీ కింద కూడా శుభ్రంగా ఉంది. మా వారు అప్పటికే బేరం మొదలుపెట్టారు. నేను ఆటోనగర్ తమ్ముడు చెప్పినట్టు బెల్టులన్నీ చివరిదాకా లాగాను, మట్టి చార లేదు. తర్వాత ఫోన్ లైట్ వేసి లేబుల్స్ చూశాను. వెనక బెల్టుల మీద 2021 ఉంది, ముందు ఎడమ పక్క కూడా 2021. డ్రైవర్ పక్క బెల్ట్ మీద మాత్రం 2025 ఉంది. డీలర్‌ని అడిగితే "అది మామూలుగా మారుస్తారు మేడం" అన్నాడు. ఓనర్‌తో కలిసి సర్వీస్ సెంటర్‌కి పోదామంటే ఓనర్ ఊళ్లో లేడన్నాడు, ఫోన్ నంబర్ కూడా ఇవ్వలేదు. మా వారు నా వైపు చూశారు, ఇద్దరం ఏమీ మాట్లాడకుండా బయటికి వచ్చేశాం.

నిన్న సాయంత్రం అత్తమ్మను తీసుకుని షోరూమ్‌కి పోయాం. మూడు కార్లు ఎక్కి దిగింది. రెండింటిలో గడప ఎత్తు ఎక్కువైంది. మూడోదాంట్లో కాళ్లు రెండూ బయట పెట్టి, డోర్ పట్టుకుని, నా భుజం మీద చెయ్యి వెయ్యకుండా ఒక్కసారికే నిలబడింది. దానికే అడ్వాన్స్ కట్టాం, కొత్తది, బేస్ వేరియంట్. చిన్నవాడు ఇంకా సన్‌రూఫ్ గురించి అలిగే ఉన్నాడు.

ఒక చిన్న ప్రశ్న. కింద తుప్పు పట్టకుండా కోటింగ్ వేస్తాం, ఆరు వేలు అంటున్నారు. వేయించమంటారా?

ఆటోనగర్_డెంటర్:

వద్దక్కా, కంపెనీ నుంచే వేసి వస్తుంది, మన దగ్గర సముద్రపు ఉప్పు గాలి కూడా లేదు. ఆ డబ్బులో కొంత పెట్టి ఇన్సూరెన్స్‌తో పాటు ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకోండి, అది లేకపోతే ఇంజన్లోకి నీళ్లు పోయి పాడైన ఖర్చు మామూలు పాలసీలో రాదు. ఎప్పుడైనా నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టకండి, దిగి నెట్టించి బయటికి తెచ్చి మాలాంటి వాళ్లకు ఫోన్ చేయండి.