ఫిల్మ్ లెన్సులు ఉన్నాయి, బాడీ ఏది? ఫుల్ ఫ్రేమా, క్రాపా, లేక లెన్సులే అమ్మెయ్యాలా?

రీలుడబ్బా:
నికాన్ ఎఫ్‌ఎం2 వదిలి డిజిటల్‌కి మారాలి. ఉన్న లెన్సులు మూడు: 28 మి.మీ. ఎఫ్/2.8, 50 ఎఫ్/1.4, 105 ఎఫ్/2.5. మూడూ ఏఐ-ఎస్ (నికాన్ పాత లెన్సుల్లో ఒక రకం), మాన్యువల్ ఫోకస్. బూజు లేదు, బ్లేడ్ల మీద నూనె మరకల్లేవు. తీసేది ఎక్కువగా వీధులు, మనుషుల ముఖాలు. వాడిన డీ750 (ఫుల్ ఫ్రేమ్, అంటే ఫిల్మంత సెన్సర్) తీసుకోవాలా, లేక డీ3500 (క్రాప్, అంటే అంతకంటే చిన్న సెన్సర్) తీసుకుని పాతవే బిగించుకోవాలా? "మౌంటు ఒకటే, అన్నీ పడతాయి" అని కొందరు, "పాత గాజు డిజిటల్‌కి పనికిరాదు" అని కొందరు. ఎవరి మాట నమ్మాలి?

గాజుకన్ను:
పట్టడం వేరు, పనిచెయ్యడం వేరండీ. నికాన్ ఎఫ్ మౌంటు (లెన్సు బిగించే చోటు) 1959 నుంచీ అదే, లెన్సు అంచు నుంచి ఫిల్ముకో సెన్సర్‌కో దూరం 46.5 మి.మీ. అందుకే మీ మూడూ డీ3500కి బిగుస్తాయి, అనంతం దాకా ఫోకస్ కూడా అవుతాయి. మీటరు (వెలుగు కొలిచేది) మాత్రం పనిచెయ్యదు. లెన్సు రింగు ఎక్కడుందో బాడీకి తెలియజేసే చిన్న కొక్కెం మౌంటు చుట్టూ ఉండాలి, అది 3000, 5000 వరసల్లో లేదు. ఎం మోడ్‌లో అంచనాగా ఒకటి తీసి, హిస్టోగ్రాం (వెలుగునీడల గ్రాఫు) చూసి, సరిచేసి మళ్లీ తియ్యాలి. వీధిలో అది కుదిరే పని కాదు.

డీ7000, డీ7100, డీ7200, డీ610, డీ750, డీ800, డీ810లో ఆ కొక్కెం ఉంది. డీ7500లో తీసేశారు. నంబరు పెద్దది కదా అని చాలామంది పొరపడేది అక్కడే.

కొక్కెం ఉన్న బాడీలో మెనూలోకి వెళ్లి నాన్-సీపీయూ లెన్స్ డేటాలో ఒక్కో లెన్సుకి ఒక్కో నంబరిచ్చి, ఫోకల్ లెంగ్తు, గరిష్ఠ ఎపర్చరు (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుంటుందో) నింపండి. ఆ తర్వాత ఏ, ఎం మోడ్‌లలో మ్యాట్రిక్స్ మీటరింగ్‌తో సహా నడుస్తుంది. లెన్సు మార్చినప్పుడల్లా నంబరు మార్చడం మరిచిపోకండి, లేకపోతే ఎపర్చరు అంకె తప్పు చూపిస్తుంది.

ఇంకో హెచ్చరిక: 1977కి ముందువి, ఏఐగా మార్చనివి ఈ బాడీలకి బలవంతంగా తిప్పితే ఆ కొక్కెం విరుగుతుంది. రింగు మీద పెద్ద అంకెల కింద చిన్న అంకెల రెండో వరస ఉంటే ఏఐ అన్నట్టే. మీవి ఏఐ-ఎస్ కాబట్టి భయం లేదు.

సగంచతురం:
డీ750 దాకా ఎందుకు? డీ7200 చాలు. అదీ 24 మెగాపిక్సెళ్లే, అందులోనూ ఆ కొక్కెం ఉంది, బరువూ తక్కువ. పైగా పాత లెన్సుల బలహీనత మూలల్లో ఉంటుంది, క్రాప్ సెన్సర్ మధ్యభాగమే తీసుకుంటుంది, మూలలు ఎలాగూ పోతాయి. 105 కాస్తా 157 లాగా పనిచేస్తుంది, ముఖాలకి ఇంకా మంచిది.

గాజుకన్ను:
28 సంగతి? 1.5తో గుణిస్తే 42. వీధి లెన్సు కాస్తా నార్మల్ లెన్సు అయింది. 50 కాస్తా 75. మూడు లెన్సుల్లో వైడ్ అనేదే మిగల్లేదు. వైడ్ కోసం 18తో మొదలయ్యే జూమ్ కొనాలి, అంటే పాతవి ఉంచుకుని మిగిల్చిందేముంది? 105 చూపే 157 కోణానికి గదిలో మనిషిని పట్టాలంటే వెనక్కి జరిగి గోడకి ఆనుకోవాలి.

సగంచతురం:
ఆ జూమ్‌కి ఆటోఫోకస్ వస్తుంది కదా. డీఎస్‌ఎల్‌ఆర్‌లో మాన్యువల్ ఫోకస్ మీరు చెప్పినంత సుఖం కాదు, ఆ మాట ఎవరూ చెప్పరేం?

మసకతెర:
ఈ ఒక్క ముక్కలో సగంచతురం గారిదే నిజం, రెండు బాడీలకీ వర్తిస్తుంది. ఎఫ్‌ఎం2లో వ్యూఫైండర్‌లో బొమ్మ 0.86 రెట్లు, మధ్యలో విరిగిన గీత కలిపితే ఫోకస్ అయినట్టే. డీ750లో 0.70. డీ7200కి 0.94 అని రాస్తారు, కానీ క్రాప్‌కి 1.5తో భాగిస్తే 0.63. డీ3500 ఇదే లెక్కన 0.57. విరిగిన గీత వీటిలో దేంట్లోనూ లేదు.

అంతకంటే పెద్ద చిక్కు తెరలో ఉంది. ఇప్పటి ఫోకసింగ్ తెరలు కిట్ జూమ్‌లతో వెలుగ్గా కనపడేలా చేసినవి. ఎఫ్/1.4 లెన్సు పెట్టినా కంటికి ఎఫ్/2.8 దగ్గర ఉండేంత లోతే కనిపిస్తుంది. ఫైండర్‌లో కన్ను పదునుగా ఉంటుంది, ఫోటోలో చెవి పదునుగా వస్తుంది. 105ని ఎఫ్/2.5 మీద 2 మీటర్ల దూరంలో పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో మొత్తం పదునైన లోతు సుమారు 5 సెం.మీ. మనిషి ఊపిరి తీసి కొంచెం ముందుకు వంగితే ఫోకస్ జారినట్టే.

దీనికి మార్గం: ఫోకస్ పాయింటు కంటి మీద పెట్టండి. ఫైండర్ అడుగున ఎడమ మూల పచ్చచుక్క, దాని పక్కన బాణాలు ఉంటాయి. చుక్క వెలగగానే ఆపకండి. రింగుని కొంచెం దాటించి, చుక్క ఆరగానే వెనక్కి తిప్పి, వెలిగే ఆ చిన్న జాగాకి నడుమ ఆపండి. చుక్క ఎప్పుడూ కాస్త వెడల్పు జాగాలో వెలుగుతుంది, అంచున ఆపితే తప్పుతుంది. కదలని వస్తువైతే లైవ్ వ్యూలో (వెనక తెర మీద) పెద్దది చేసి చూడటమే ఖాయం. వీధిలోనైతే 28ని ఎఫ్/8 మీద, 3 మీటర్ల దగ్గర కట్టేసి వదిలెయ్యండి, పచ్చచుక్కతో పనే లేదు.

ఏఈ‌ఒన్_అభిమాని:
చర్చ నికాన్ చుట్టూనే తిరుగుతోంది. కెనాన్ ఎఫ్‌డీ లెన్సులు ఉన్నవాళ్ల గతి?

మసకతెర:
కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మీద ఆశ పెట్టుకోకండి. ఎఫ్‌డీ లెన్సు అంచు నుంచి ఫిల్ముకి దూరం 42 మి.మీ., 1987లో వచ్చిన, కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు వాడే ఈఎఫ్‌ది 44. లెన్సు సెన్సర్‌కి 2 మి.మీ. దూరమైపోతుంది, మాక్రో రింగు పెట్టినట్టే. 50 మి.మీ. లెన్సుకి లెక్క వేస్తే అడాప్టర్ మందం సున్నా అనుకున్నా 1.3 మీటర్ల అవతల ఏదీ పదునుగా రాదు. లోపల గాజున్న అడాప్టర్లు అనంతాన్ని తెస్తాయి గానీ, ఎపర్చరు తెరిస్తే బొమ్మ మెత్తబడుతుంది. ఎఫ్‌డీ ఉంచుకోవాలంటే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని బాడీ) ఒక్కటే దారి. కెనాన్ మిర్రర్‌లెస్ మౌంటు ఆర్ఎఫ్ దూరం 20 మి.మీ., మధ్యలో 22 మి.మీ. గొట్టం పెట్టుకోవడమే, గాజు అక్కర్లేదు.

ఫిల్మ్ కాలపు కెనాన్ ఈఓఎస్ వాడినవాళ్ల ఈఎఫ్ లెన్సులకి ఏ ఇబ్బందీ లేదు. ఈఎఫ్ మౌంటు పాత సిగ్మా లెన్సులు మాత్రం కొన్ని డిజిటల్ బాడీలో ఎర్రర్ ఇస్తాయి, వాటిని బాడీ మీద పెట్టి చూడకుండా కొనొద్దు.

గాజుకన్ను:
పెంటాక్స్ వాళ్లు అదృష్టవంతులు. 1975 నుంచీ వచ్చిన కే మౌంటు లెన్సులన్నీ పడతాయి. రింగు మీద 'ఏ' గుర్తు లేనివాటికి మెనూలో ఎపర్చరు రింగు వాడకానికి అనుమతిచ్చి, ఎం మోడ్‌లో పచ్చబటన్ నొక్కితే షట్టరు వేగం తనే పెడుతుంది. ఆన్ చెయ్యగానే ఫోకల్ లెంగ్తు అడుగుతుంది, సరిగ్గా ఇవ్వండి. బాడీలోని వణుకు నివారణ ఆ అంకెని బట్టే నడుస్తుంది.

సగంచతురం:
"పాత గాజు పనికిరాదు" అన్న మాట సంగతి తేల్చలేదు. అందులో కొంత నిజముంది. ఫిల్ము మెరవదు, సెన్సర్ మీది గాజు మెరుస్తుంది. ఆ మెరుపు లెన్సు వెనక గాజుకి తగిలి తిరిగొస్తుంది. చీకట్లో దీపం ఫ్రేములో ఉంటే మధ్యలో పాలిపోయిన గుండ్రటి మచ్చ పడటం అందుకే. దీపం ఫ్రేములో ఉన్నప్పుడు హుడ్ ఏమీ చెయ్యదు, కోణం మార్చడమే.

చీకటిగది:
మచ్చ ఎప్పుడో ఒకసారి. రోజూ దెబ్బతీసేది ఎక్స్‌పోజర్ అలవాటు. ఐఎస్ఓ 400 ఫిల్ముని 200గా పెట్టి తీసే చెయ్యి డిజిటల్‌లోనూ అలాగే ఒక స్టాపు (రెట్టింపు వెలుగు) ఎక్కువిస్తుంది. కలర్ నెగటివ్ దాన్ని మింగేస్తుంది, సెన్సర్ మింగదు, తెల్లచొక్కా తెల్లకాగితమైపోతుంది. స్లైడ్ ఫిల్ము తీసినట్టు తియ్యండి: ఎండలో ఎక్స్‌పోజర్ మైనస్ 0.3 నుంచి 0.7 స్టాపు, రా ఫైలు (సెన్సర్ ముడి డేటా), ప్లేబ్యాక్‌లో మిణుకుమనే తెలుపు హెచ్చరిక ఆన్.

పాత ఫ్లాష్ ఉంటే బాడీకి తగిలించే ముందు మల్టీమీటరుతో దాని కాలి (బాడీకి తగిలే అడుగు పిన్ను) వోల్టేజీ చూడండి. 200 వోల్టులు దాటేవి ఉన్నాయి. ఫిల్ము మీద పడిన వెలుగుని చదివే పాత టీటీఎల్ కూడా డిజిటల్‌లో పనిచెయ్యదు, ఫ్లాష్‌ని మాన్యువల్‌గానే వాడాలి.

రీలుడబ్బా:
డీ3500 ఆలోచన మానేసినట్టే. డీ750 వైపే మొగ్గు. వాడినది చూసేటప్పుడు ఏం పట్టి చూడాలి?

చీకటిగది:
షట్టరు లెక్క, అంటే ఇప్పటిదాకా తీసిన ఫోటోల సంఖ్య. 1,50,000కి పరీక్షించిన షట్టరు అది, 40,000 లోపుంటే నిశ్చింత. ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి తెల్లగోడ తియ్యండి. నల్లచుక్కలుంటే బ్లోయరుతో ఊది మళ్లీ తియ్యండి, కదలనివి తడి శుభ్రతకి వెళ్లాలి. ఆ కొక్కేన్ని వేలితో తిప్పి స్ప్రింగు వెనక్కి లాగుతోందో లేదో చూడండి. మీ 28 వెంట తీసుకెళ్లి బిగించి, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/16 దాకా రింగు తిప్పుతూ ఫైండర్‌లో అంకె మారుతోందా చూడండి. మారకపోతే ఆ బాడీ వద్దు.

సగంచతురం:
28 తీసుకెళ్తున్నారు కదా, పక్కనే డీ7200 ఉంటే దానికి కూడా ఒకసారి బిగించి చూడండి. 42 కోణం నచ్చితే రెండు బాడీల ధరల తేడా మీకు మిగిలిపోతుంది.