డైరెక్టర్ల స్టైల్ మీద వీడియో ఎస్సేలు: కెమెరామన్ పేరు ఎక్కడ పోతోంది?

రాజోలు కాలవగట్టు:
మొన్న రాత్రి ఒక వీడియో చూసేనండి, ఇరవై నిమిషాలుంటది, బాపు గారి విజువల్ స్టైల్ మీద. చేసినోళ్ళ పేరు ఇక్కడ పెట్టట్లేదు, నా గొడవ వాళ్ళొక్కరితో కాదు, ఇప్పుడొస్తున్నవి చాలావరకు ఇదే దారి. ముత్యాలముగ్గులో షాట్లు ఒక్కొక్కటే ఆపి, మీద గీతలు గీసి, ఇదిగో మనిషిని ఈ మూలన పెట్టేరు, వెలుగు ఇటునుంచి వస్తుంది, ఇది బాపు సంతకం, ఇదీ బాపు సంతకం అని చెప్పుకుంటూ పోయేరు. మొత్తం వీడియోలో ఇషాన్ ఆర్య అనే పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఆ సినిమాకి కెమెరా పట్టింది ఆయనండి. 1975 సినిమాలకి ఇచ్చిన నేషనల్ అవార్డుల్లో కలర్ ఫోటోగ్రఫీ అవార్డు ఆయనకే వచ్చింది, ఈ సినిమాకే వచ్చింది. వెలుగు గురించి అంతసేపు మాట్లాడి ఆ వెలుగు పట్టిన మనిషి పేరు చెప్పకపోతే ఎలాగ?

టైటిల్లో డైరెక్టర్ పేరుంటే జనం నొక్కుతారు, కెమెరామన్ పేరుంటే నొక్కరు, అది నాకూ తెలుసు. కానీ దానివల్ల చూసేవాళ్ళకి ఏం అలవాటవుతుందంటే తెర మీద బాగున్నదల్లా ఒక్క బుర్రలోంచే వచ్చిందనుకోవడం. అందుకే అడుగుతున్నాను, ఈ వీడియోల వల్ల మనకి సినిమా చూడ్డం వస్తుందా, తప్పుగా చూడ్డం వస్తుందా?

భీమవరం చెరువుగట్టు:
అన్నా సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. పేరు చెప్పకపోవడం తప్పే. కానీ బాపు గారు ముందు బొమ్మలేసే మనిషి, మన నరసాపురంలో పుట్టి, కార్టూన్లు వేసి వేసి తర్వాత డైరెక్షన్‌కి వచ్చేరు, సీన్లు కాగితం మీద బొమ్మలుగా గీసుకుని మరీ తీసేవారు. 1967లో సాక్షి చూడు, బ్లాక్ అండ్ వైట్, ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో తీసేరు, అప్పటికి ఇషాన్ ఆర్య ఈయనతో లేరు, అయినా అందులో మనుషుల్ని నిలబెట్టిన తీరు చూస్తే ఆ చెయ్యి తెలిసిపోద్ది. అది సంతకం కాదా మరి?

ఇంకోటి, నేను మెకానికల్ చదువుతూ సినిమా గురించి నేర్చుకుందంతా ఈ వీడియోల్లోనే. మాకిక్కడ ఫిల్మ్ స్కూల్ ఎక్కడుంది, కెమెరా పట్టుకునేవాళ్ళంటే పెళ్ళి వీడియోలు తీసే అన్నలే. టోనీ జౌ, టేలర్ రామోస్ అని ఇద్దరు 2014లో ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్ అని యూట్యూబ్ ఛానెల్ పెట్టేరు, వాళ్ళు జపాన్ డైరెక్టర్ కురోసావా మీద చేసిన వీడియోలో మొత్తం కదలిక గురించే చెప్తారు. వాన గాలి లాంటి వాటి కదలిక, గుంపు కదలిక, ఒక్క మనిషి కదలిక, కెమెరా కదలిక అని విడదీసి చూపిస్తారు. అది చూసిన మర్నాడు పొద్దున్నే మా చెరువు దగ్గర నిలబడితే ఏరేటర్లు తిరుగుతూ నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి, వెనక కొబ్బరాకులు ఊగుతున్నాయి, మధ్యలో మేత చల్లడానికెళ్ళిన మా బాబాయి పడవ మీద కదలకుండా నిలబడి ఉన్నాడు, నాకు ఒళ్ళు జలదరించింది అన్నా. పుట్టిన దగ్గర్నుంచీ ఆ గట్టు మీదే తిరిగేను, ఒక్కరోజు కూడా అలా కనబడలేదు. ఇచ్చిన కన్నుని కాదనలేను కదా.

పాత ఆపరేటర్, అమలాపురం:
బాబూ, నేను ఇరవై రెండేళ్ళు ప్రొజెక్టర్ దగ్గర పనిచేసేను, అందులో వెలుగు కోసం కార్బన్లు వెలిగించిన రోజుల్నుంచి. మీరు బాపు గారిదా ఆర్య గారిదా అని కొట్టుకుంటున్నారు గానీ అసలు మీరు చూస్తున్నది వాళ్ళు తీసిన బొమ్మేనా అన్నది ముందు చూసుకోండి.

1974లో అల్లూరి సీతారామరాజు వచ్చిందాకా తెలుగులో సినిమాస్కోప్ లేదు. అంతకుముందువన్నీ, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు చాలావరకు, వెడల్పు తక్కువ బొమ్మలే. అప్పటి బొమ్మ వెడల్పుకీ ఎత్తుకీ లెక్క దగ్గర దగ్గర నాలుగుకి మూడు, ఇప్పటి టీవీ పదహారుకి తొమ్మిది. నల్లపట్టీలు కనబడకూడదని పైనా కిందా కోసేసి నింపేస్తున్నారు. లెక్కేసుకోండి, ఎత్తులో పావు వంతు ఎగిరిపోద్ది. మా ప్రొజెక్టర్ గేట్లో, అంటే ఫిల్ము వెలుగు ముందునుంచి జారే చోట, ప్లేటు కాస్త తేడాగా పెడితేనే తలకాయలు తెగేవి, కింద జనం కేకలేసేవారు, పరుగెత్తుకెళ్ళి సరిచేసేవాణ్ణి. ఇప్పుడు ఆ తెగిన బొమ్మ మీదే గీతలు గీసి ఇదిగో తల మీద చోటు వదల్లేదు, ఇది డైరెక్టర్ ఆలోచన అంటున్నారు. ఆయన వదిలిన చోటుని వీళ్ళు కోసేసేరు నాయనా.

రంగుల సంగతి ఇంకా ఘోరం. అప్పటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలం పచ్చ నిలబెట్టే రంగు ముందు పోయేది, గులాబీ ఎరుపు మిగిలేది. కొత్త ప్రింట్ వచ్చినప్పుడు చేలు పచ్చగా కళకళలాడేవి, కొన్నేళ్ళకి అదే సినిమా సెకండ్ రన్‌కి వస్తే చేలు కూడా ఇటికరంగులో ఉండేవి. అలాంటి ప్రింట్ నుంచి వీడియోలోకి ఎక్కించినది చూసి ఒకబ్బాయి, సినిమా పేరెందుకులెండి, వెచ్చటి రంగులు వాడటం ఈ డైరెక్టర్ ప్రత్యేకత అన్నాడు. అది ముసలితనం బాబూ, ప్రత్యేకత కాదు.

రాజోలు కాలవగట్టు:
బాబాయ్ గారూ ఇది నాకు తట్టనే లేదండి. ఆ వీడియో మళ్ళీ పెట్టి చూసేను, నిజమే, రెండు మూడు చోట్ల నుదురు పైన తెగిపోయి ఉంది, వాళ్ళు సరిగ్గా దాని గురించే మాట్లాడేరు.

భీమవరం తమ్ముడికి ఒకటి చెప్తాను. ఇషాన్ ఆర్య ముత్యాలముగ్గుకి ముందు హిందీలో గరమ్ హవా చేసేరు, ఎం.ఎస్. సత్యు డైరెక్షన్, ఆగ్రాలో తీసేరు. దేశ విభజన తర్వాత అక్కడ ఉండిపోయిన ఒక ముస్లిం కుటుంబం కథ. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు, ఊరు వేరు, కథ వేరు, డైరెక్టర్ వేరు, కానీ ఇంట్లోకి వెలుగు వచ్చే పద్ధతి చూడు, లైటు పెట్టినట్టు ఉండదు, తలుపు తీస్తే వచ్చినట్టుంటది. నా కంటికి ఆ రెండూ అన్నదమ్ములే. మరి ఇది ఎవరి సంతకం అనాలి? నేను బాపు గారిది తగ్గించట్లేదు, ఆయన గీసిన బొమ్మలో వెలుగు నింపింది ఇంకో మనిషి అంటున్నాను. 1941లో సిటిజన్ కేన్‌కి డైరెక్టర్ ఆర్సన్ వెల్స్ తన పేరు పడే కార్డు మీదే కెమెరామన్ గ్రెగ్ టోలండ్ పేరు కూడా వేయించేడు. తీసినాయనే అలా పంచుకుంటే మధ్యలో మనం ఎవరం తీసెయ్యడానికి?

రామచంద్రపురం రోడ్డు:
ఆయ్, నేను డైరెక్టర్ వంశీ గారి మనిషినండి, మాది పసలపూడికి దగ్గరే, కాబట్టి ఆయన వైపు మాట్లాడతాను. సితార 1984, కెమెరా ఎం.వి. రఘు గారు. లేడీస్ టైలర్ 1986, కెమెరా హరి అనుమోలు గారు. ఇద్దరు కెమెరామన్లు. కానీ రెండిట్లోనూ పాట మొదలవ్వగానే షాట్లు ఎలా తుంపుతారో, మనుషులు ఫ్రేములోకి ఎటునుంచి ఊడిపడతారో చూస్తే కళ్ళు మూసుకుని వంశీ అని చెప్పొచ్చు. అదే రఘు గారు విశ్వనాథ్ గారికి స్వాతిముత్యం, సిరివెన్నెల చేసేరు, అవి చూస్తే వంశీ గుర్తొస్తారా? రారు. కాబట్టి కాలవగట్టు గారి లెక్క అన్ని చోట్లా పారదు.

తణుకు నుంచి హైదరాబాద్:
రోడ్డు గారూ మీరు తుంపే షాట్లు అన్నారు చూడండి, సితారకి ఎడిటింగ్ నేషనల్ అవార్డు అనిల్ మల్నాడ్ గారికి వచ్చింది. నేను ఎడిటింగే చేస్తాను కాబట్టి ఆ పేరు చెప్పకుండా ఉండలేకపోయేను.

ఒక పనిమాట చెప్తాను. స్టిల్స్ ఆపి గీతలు గీయడం వీళ్ళకి ఇష్టమై మాత్రమే కాదు, యూట్యూబ్‌లో క్లిప్ కొంచెం పొడుగు పెడితే కాపీరైట్ మెషీన్, అంటే క్లిప్పుల్ని దానంతటదే పోల్చి పట్టే ప్రోగ్రాం, పట్టేసుకుంటది. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52 కింద విమర్శకి, సమీక్షకి న్యాయంగా వాడుకోవచ్చని ఉంది, కానీ మెషీన్ సెక్షన్లు చదవదు, ముందు ఆపేస్తది, తర్వాత మనం అప్పీళ్ళు పెట్టుకోవాలి. పైన చెప్పిన ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్ వాళ్ళే 2017లో ఛానెల్ ఆపేస్తూ రాసేరు, తమ ఎడిటింగ్ స్టైల్ చాలావరకు ఆ మెషీన్‌ని దాటడానికి కనిపెట్టిందే అని. ఇప్పుడేమైందంటే ఆ తర్వాత వచ్చినోళ్ళంతా అదే పద్ధతి అనుకుని ముక్కలు ముక్కలుగానే కోస్తున్నారు. ఒక షాట్ మొదట్నుంచి చివరిదాకా వదిలి, మాట్లాడకుండా కూచుని, తర్వాత చెప్పే వీడియో నేను తెలుగులో ఇంతవరకు చూడలేదు. సత్యజిత్ రాయ్ కూడా బాపు గారిలాగే బొమ్మలు గీసుకునేవారు, కానీ 1956లో అపరాజితోకి స్టూడియోలో కాశీ ఇల్లు సెట్ వేస్తే పైన గుడ్డ కట్టి కిందనుంచి లైట్లు దానిమీదకి కొట్టి ఆకాశం నుంచి పడే వెలుగులా చేసింది ఆయన కెమెరామన్ సుబ్రత మిత్ర. బొమ్మ ఎక్కడ ఆగింది, వెలుగు ఎక్కడ మొదలైంది అని చూపిస్తే నేర్చుకునేవాడికి పనికొస్తది.

లంక చేను:
నాకు కెమెరాలు తెలీవు గానీ ఒకటి రాస్తాను. గోదారి మీద తీసిన సినిమాల గురించి వీడియోలు చేసేవాళ్ళు ఏ నెలలో తీసేరో ఎందుకు చెప్పరు? వరదలప్పుడు గోదారి ఎర్రగా ఉంటది, సంక్రాంతికి తేటగా ఉంటది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయిపోతే ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్ళు వదిలేదాకా అడుగున బురదే. మే నెలలో కాలవలో పడవ షాట్ తీస్తానంటే ఎంత పెద్ద డైరెక్టరైనా తియ్యలేడు. పుష్యమాసం మంచులో ఏడున్నరదాకా అవతలి గట్టు కనబడదు, ఆ పాలరంగు ఏ లైటూ ఇవ్వదు. ఒక వీడియోలో అది డైరెక్టర్ సృష్టించిన కలల వాతావరణం అన్నారు. ఆ మంచులో నేను రోజూ లంకకి పడవ దాటేవాణ్ణి.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో నిద్రగన్నేరు చెట్టు, అందరూ సినిమా చెట్టు అనేవారు. బాపు గారు, విశ్వనాథ్ గారు, వంశీ గారు అందరూ దాని కింద కెమెరా పెట్టినోళ్ళే. 2024 ఆగస్టులో పడిపోయింది. ఆ రోజు నేనూ వెళ్ళేను, జనం వచ్చి కొమ్మలు ముట్టుకుని ఊరుకుండిపోయేరు. ఒక్క చెట్టు కింద ముగ్గురు డైరెక్టర్లు తీస్తే మూడు రకాలుగా ఎలా వచ్చిందో పక్కపక్కన పెట్టి చూపించండయ్యా ఎవరన్నా. అప్పుడు డైరెక్టర్‌ది ఎంతో చెట్టుది ఎంతో తెలుస్తది.

భీమవరం చెరువుగట్టు:
ఇది చాలా గట్టి మాటండి. అయినా నేను నా మాట వదలను. మంచు అందరికీ కురుస్తది, చెట్టు అందరికీ నీడ ఇస్తది, ఏడింటికి కాకుండా ఆరింటికే రండి అని యూనిట్‌ని లేపి తీసుకొచ్చింది డైరెక్టరే. ఎన్నుకోవడం కూడా స్టైలే. కానీ ఇకమీదట నేను చేసే వీడియోల్లో మొదటి నిమిషంలోనే కెమెరామన్ పేరు, ఎడిటర్ పేరు, ప్రింట్ ఎక్కణ్ణుంచి తీసుకున్నానో చెప్తాను. చెట్టు ఐడియా నేను చేస్తాను, ఎవరూ ఏమీ అనుకోకపోతే.

పాత ఆపరేటర్, అమలాపురం:
చెయ్యి నాయనా. నా దగ్గర డబ్బాడు ఫిల్ము ముక్కలున్నాయి. ప్రింట్ తెగినప్పుడల్లా అతికించడానికి రెండు మూడు ఫ్రేములు కోసేవాళ్ళం, పిల్లలు అడిగితే ఇచ్చేవాణ్ణి, మిగిలినవి దాచేను. ఏది ఏ సినిమానో అన్నీ గుర్తులేవు, రంగు కూడా పోయింది, కానీ బొమ్మ మాత్రం పైనుంచి కిందదాకా నిండా ఉంది, ఎవరూ కొయ్యలేదు.

రాజోలు కాలవగట్టు:
బాబాయ్ గారూ ఆదివారం తమ్ముణ్ణి తీసుకుని అమలాపురం వస్తానండి. పొద్దున్నే ఎనిమిదింటికల్లా వస్తాం, ఎండకి పట్టుకుని ఒక్కొక్కటీ ఫోటో తీసుకోవాలి. లంక చేను గారు కూడా వస్తే చేల షాట్లు ఏ నెలవో ఆయన చెప్తారు.