ప్రోబయాటిక్ క్యాప్సూల్స్‌తో పొట్ట తగ్గుతుందా?

మారతహళ్లి పీజీ:
రెండేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగాను. పీజీ తిండి సంగతి తెలిసిందేగా, పొద్దున పూరీ, రాత్రి అట్టముక్కల్లాంటి చపాతీలు. జిమ్ ట్రైనర్ "నీ కడుపులో మంచి బ్యాక్టీరియా లేదు బ్రో, అందుకే తగ్గట్లేదు" అని నెలకి 1,800 రూపాయల ప్రోబయాటిక్ (బతికున్న మంచి బ్యాక్టీరియా నింపిన) క్యాప్సూల్స్ అంటగట్టాడు. రెండు నెలలు వేసుకున్నా గ్యాస్ తప్ప ఏం రాలేదు. ఇందులో నిజం ఎంతన్నా?

పెరుగన్నం:
మీవాడు చెప్పింది సగం నిజం, ఆ సగంతోనే మందులు అమ్ముకుంటారు. 2006లో అమెరికాలో జెఫ్రీ గోర్డన్ అనే శాస్త్రవేత్త టీమ్, పుట్టినప్పటినుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలకి లావు ఎలుకల పేగుల్లోని బ్యాక్టీరియా ఎక్కిస్తే, సన్నవాటి బ్యాక్టీరియా ఎక్కించిన వాటికంటే కొవ్వు ఎక్కువ పట్టింది. 2013లో అదే ల్యాబ్ ఒకరు లావు, ఒకరు సన్నం ఉన్న కవలల నుంచి బ్యాక్టీరియా తీసి ఎలుకలకి ఎక్కించింది. తర్వాత రెండు రకాల ఎలుకల్నీ ఒకే బోనులో పెడితే (ఒకదాని పెంట ఒకటి తింటాయి, ఛీ అనకండి, బ్యాక్టీరియా అలాగే ఒకదాన్నుంచి ఇంకోదానికి చేరుతుంది) లావెక్కాల్సినవి ఎక్కలేదు. కానీ పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న మేత పెడితేనే అలా జరిగింది! అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. పేగులో వందల రకాలుంటే డబ్బాలో ఉండేవి నాలుగైదు, అవి కూడా చాలావరకు మింగడం ఆపగానే బయటికి పోతాయి.

బీటీఎం అక్క:
తమ్ముడూ, మరి ఇడ్లీ తిను, పులిసిన పిండేగా. డిసెంబర్ చలికి మా ఇంట్లో పిండి పొంగదు, గిన్నెకి పాత స్వెటర్ తొడిగి పెడతా.

పెరుగన్నం:
అక్కా, పిండిలో మంచి బ్యాక్టీరియా ఉన్నమాట నిజమే, కానీ ఇడ్లీ ఉడికేటప్పుడు ఆవిరికి దాదాపు అన్నీ చచ్చిపోతాయి. బతికున్నవి కావాలంటే పెరుగు, మజ్జిగ. అయినా బయటినుంచి కొత్తవాటిని తెచ్చే ముందు లోపలున్నవాటికి తిండి పెట్టాలి. మనకి అరగని పీచుని పెద్దపేగులో అవి పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తాయి, ఆ పేగు గోడ కణాలకి ముఖ్యమైన మేత అదే. బెంగళూరులో ఉండి పీచున్న రాగిముద్ద తినకపోతే ఎట్లా తమ్ముడూ? పీచు మాత్రం మెల్లగా పెంచు, ఒకేసారి పెంచితే ఇప్పటి గ్యాస్ ఏపాటిది అనిపిస్తుంది.

మారతహళ్లి పీజీ:
పీజీ ఆంటీని రోజూ పెరుగు అడిగితే నెలకి 300 ఎక్స్‌ట్రా అంటోంది. మూడో డబ్బా సీల్ తీయలేదు, ట్రైనర్ వెనక్కి తీసుకుంటే ఆ డబ్బు ఆంటీకే ఇస్తా.