అరకు నుండి తిరుమల దాకా: ఏ నెలలో, ఏ దిక్కు నుండి బయలుదేరాలి?

ప్రశ్న (అడిగినవారు: దూరపు కొమ్మ)

మేము చాలా ఏళ్ళుగా వడోదరలో స్థిరపడిన తెలుగువాళ్ళం. నాన్నగారు పదవీ విరమణ చేశారు కనుక, ఆంధ్రప్రదేశ్‌ను ఈ కొస నుండి ఆ కొస దాకా ఒకేసారి చూడాలని అమ్మ పట్టుబడుతోంది. అరకు, బొర్రా గుహలు, పాపికొండల పడవ ప్రయాణం, కోనసీమ, శ్రీశైలం, గండికోట, బెలూం గుహలు, చివరికి తిరుమల దర్శనం అన్నది ఆవిడ జాబితా. నాకు పన్నెండు రోజులకు మించి సెలవు దొరకదు. దసరాకు, డిసెంబరులో లేదా సంక్రాంతికి రావచ్చు. ఎక్కడ చదివినా "అక్టోబరు నుండి మార్చి వరకు అనుకూలం" అని ఒకే మాట కనిపిస్తోంది. కాని తుఫాను వార్తలు వినిపించేది కూడా ఆ అక్టోబరులోనే కదా. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, నాన్నగారు ఎండకు తట్టుకోలేరు. ఈ మూడింటిలో ఏ సమయం మంచిదో, ఎటు నుండి మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (వానలెక్క)

"అక్టోబరు నుండి మార్చి వరకు" అన్నది తప్పు మాట కాదు గాని, రాష్ట్రమంతటికీ ఒకే తీరున వర్తించే మాట కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌కు వానాకాలాలు రెండు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు ఉత్తరాంధ్ర మన్యాన్నీ గోదావరి జిల్లాలనూ బాగా తడుపుతాయి. రాయలసీమ పశ్చిమ కనుమల వానచాటున పడిపోవడం వల్ల అనంతపురం వంటి చోట్ల ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన 600 మిల్లీమీటర్లు కూడా దాటదు. అక్టోబరు మూడో వారం ప్రాంతంలో గాలి దిశ మారి ఈశాన్య రుతుపవనాలు వచ్చేసరికి నెల్లూరు, తిరుపతి జిల్లాల వంతు మొదలవుతుంది. నెల్లూరు తీరానికి నైరుతి వానల కంటే ఈ రెండో వానలే పెద్దవి. అంటే అరకులో ఆకాశం తేటపడే రోజుల్లోనే తిరుపతిలో ముసురు పడుతుంది. కనుక ఉత్తరం నుండి మొదలుపెట్టి, దక్షిణానికి జరిగిపోతున్న వాన వెనకాలే మీరూ దిగి రావడం మంచిది. ఎదురు దిక్కున వస్తే ముందు తిరుపతి వానలో చిక్కుకుంటారు.

ఇక సమయం విషయానికి వస్తే, దసరాను నేను పక్కన పెడతాను. హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. అలాగని నవంబరు మేలనుకోవడానికీ లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. ఆ రోజుల్లోనే తిరుపతి వీధులు మునిగాయి, డిసెంబరు మొదటి తేదీన తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండరాళ్ళు విరిగిపడ్డాయి. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినది డిసెంబరు 5న. వీటన్నిటినీ బట్టి చూస్తే డిసెంబరు పదో తేదీ దాటాక విశాఖలో దిగి, నెల మూడో వారం చివరికి తిరుమల చేరడం అన్నిటికంటే భద్రమని నా అభిప్రాయం. అప్పటికీ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడకపోదు; వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరికలను బయలుదేరే వారం నుండి రోజూ చూసుకోండి. ఆరెంజ్ హెచ్చరిక వచ్చిన జిల్లాలో ఆ రోజు ఘాట్ రోడ్డు ఎక్కవద్దు.

మరొక్క మాట. మీ ప్రయాణం ఉత్తరం నుండి మొదలైనా, ప్రణాళిక మాత్రం తిరుమల తేదీ నుండి వెనక్కి లెక్కించుకోవాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు సుమారు మూడు నెలల ముందుగానే విడుదలై, చూస్తుండగానే అయిపోతాయి. వైకుంఠ ఏకాదశి డిసెంబరు మధ్య నుండి జనవరి మధ్య లోపు ఎప్పుడైనా రావచ్చు. అప్పటి నుండి పది రోజులపాటు వైకుంఠ ద్వార దర్శనం ఉంటుంది కనుక ఆ రద్దీలో మీ అమ్మగారిని నిలబెట్టడం కష్టం. ఆ ఏడాది పంచాంగం చూసి, మీ దర్శనం దానికి ముందే పడేలా చూసుకోండి.

సమాధానం (గోదారి గట్టు)

పై వారు చెప్పిన దిక్కుతో నేను ఏకీభవిస్తున్నాను. పడవ సంగతి మాత్రం వేరుగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే పాపికొండల దగ్గర పడవ తిరుగుతుందా లేదా అన్నది అక్కడి వాన మీద ఆధారపడదు. ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో కురిసిన వాన మా దగ్గరకు వరదగా వస్తుంది. మా ఊళ్ళలో ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా ఏరు ఎర్రగా, సుడులు తిరుగుతూ పారుతున్న రోజులు ఉంటాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకే మొదటి హెచ్చరిక ఇస్తారు. జూలై నుండి సెప్టెంబరు వరకు, ఒక్కొక్క ఏడు అక్టోబరులోకి కూడా, పడవలు నిలిచిపోతూ ఉంటాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం వరద నీటిలోనే జరిగింది. ఆ తరువాత పడవల అనుమతులు, తనిఖీలు గట్టిపడ్డాయి. కాబట్టి అనుమతి ఉన్న పడవేనా అని అడిగి, లైఫ్ జాకెట్ తొడుక్కున్నాకే బయలుదేరండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

డిసెంబరులో నీరు నెమ్మదిగా, తేటగా ఉంటుంది. ఉదయం పూట నది మీద మంచు దట్టంగా ఉంటే కొండలు కనపడవు, పడవ కూడా ఆలస్యంగా కదలవచ్చు. అందుచేత పడవ ఎక్కే రోజు సాయంత్రానికే మరో ఊరికి రైలు టికెట్ కొనుక్కోకండి.

కోనసీమలో కారు తీసుకుంటే ఒక జాగ్రత్త పాటించాలి. ఆ నెలలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, నూర్పిళ్ళు సాగుతూ ఉంటాయి. రోడ్డులో సగం మేర ఆరబోసిన వడ్లు, వాటి అంచున బరువుకు పెట్టిన రాళ్ళు, పక్కనే వాన వస్తే కప్పడానికి మడిచి ఉంచిన బరకాలు ఉంటాయి. చీకటి పడ్డాక ఆ రాళ్ళు కనపడవు. అక్కడ పగలే తిరగండి, డ్రైవరును తొందరపెట్టకండి.

సంక్రాంతికి రమ్మని మాత్రం నేను చెప్పను. మా ప్రాంతం అందంగా ఉండేది అప్పుడే, నిజమే. కాని భోగికి ముందు వారం నుండి కనుమ మరుసటి రోజు దాకా రైళ్ళలో చోటు ఉండదు; భీమవరం, అమలాపురం పరిసరాల్లో గదులు నెలల ముందే నిండిపోతాయి. బంధువుల ఇల్లు ఉంటే తప్ప పెద్దవాళ్ళతో ఆ సాహసం చేయకండి.

సమాధానం (నల్లరేగడి)

మొదటి సమాధానం ఇచ్చినవారు రాయలసీమను వానచాటు ప్రాంతమని ఒక్క వాక్యంలో దాటేశారు, దారిలో ఉంది కనుక చూసిపోయే ప్రదేశమన్నట్టుగా. మీకు నీళ్ళున్న సీమను చూడాలని ఉంటే ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో రావాలి. కృష్ణకు ఎగువ నుండి వరద వచ్చి శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తిమట్టానికి చేరువైనప్పుడు గేట్లు ఎత్తుతారు. నల్లమల పచ్చగా ఉంటుంది, అహోబిలం దారిలో వాగులు పారుతుంటాయి. డిసెంబరులో మీరు చూసేది మూసిన గేట్లనే. అయితే కార్తీకమాసపు రద్దీ తగ్గి ఉంటుంది కనుక, దర్శనమే ముఖ్యమనుకునే వారికి అదే మంచి కాలం. గోదావరి పడవనూ శ్రీశైలం గేట్లనూ ఒకే యాత్రలో చూడాలనుకోవడం అత్యాశ. రెండింటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మీ అమ్మగారి జాబితాలో పడవ ఉంది కాబట్టి డిసెంబరే సరైనది.

నాన్నగారు ఎండకు తట్టుకోలేరన్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే మాట మా దగ్గర అతిశయోక్తిగా ఎవరూ అనుకోరు. మార్చి సగం దాటితే గండికోట రాళ్ళ మీద మధ్యాహ్నం నిలవలేరు. డిసెంబరులో అంత బాధ ఉండదు గాని, పెన్నానది లోయ అంచున ఉన్నదంతా పరుపుబండలే, నీడ బహు తక్కువ. మసీదును, రంగనాథాలయాన్ని, ధాన్యాగారాన్ని ఉదయం పది లోపే చూసి, లోయ అంచుకు సాయంత్రం వెళ్ళండి. అక్కడ బండల మీద నుండి బండల మీదికి అడుగు వేయవలసి వస్తుంది. అమ్మగారు కొంచెం దూరంలో ఆగిపోయినా లోయ కనిపిస్తుంది.

బెలూం గుహల విషయంలో నా సలహా కొంచెం కఠినంగా అనిపించవచ్చు. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచినది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. లోపలికి మెట్లు దిగాలి, అక్కడక్కడ వంగి నడవాలి. బయట చలికాలమైనా లోపల గాలి ఆడక ఉక్కగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు బొర్రా, బెలూం రెండూ పెట్టుకోవడం అనవసరం. బొర్రాలో కూడా మెట్లు ఉన్నాయి గాని లోపల గది విశాలంగా, ఎత్తుగా ఉంటుంది. ఒకటే ఎంచుకోవాలంటే అదే ఎంచుకోండి. బెలూంకు అనుకున్న పూట యాగంటికి వెళ్ళండి. శ్రీశైలం నుండి గండికోటకు వచ్చేటప్పుడు కొద్దిపాటి చుట్టుతో అదీ చూడవచ్చు.

అడిగినవారి జవాబు (దూరపు కొమ్మ)

అందరికీ ధన్యవాదాలు. డిసెంబరునే ఖాయం చేసుకుంటున్నాను, బెలూం స్థానంలో యాగంటి చేర్చాను, అమ్మ కూడా ఒప్పుకుంది. ఒక్క సందేహం మిగిలింది. అరకుకు రైలులో వెళ్ళాలా, కారులోనా? లంబసింగి కూడా చూడాలని నాన్నగారు అంటున్నారు.

సమాధానం (వానలెక్క)

వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు పెట్టుకోండి. విశాఖ నుండి ఉదయం బయలుదేరే కిరండూల్ రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ ఉంటుంది. సొరంగాలు, లోయలు కూర్చున్న చోటి నుండే చూడవచ్చు కనుక అమ్మగారికి అదే సుఖం. రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, డిసెంబరులో ఆ బోగీ తొందరగా నిండుతుంది. తిరుగు ప్రయాణంలో కారు అనంతగిరి ఘాట్ మీదుగా మధ్యాహ్నం లోపు దిగేటట్లు చూసుకోండి. సాయంత్రం మంచు కమ్మితే మలుపులు కనపడవు.

లంబసింగి చింతపల్లి వైపు ఉంది, అరకు దారిలో రాదు. అక్కడ చూడవలసినది తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచే. దాని కోసం ముందు రాత్రి అక్కడే ఉండాలి, లేదా అర్ధరాత్రి ఘాట్ ఎక్కాలి. ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పడిపోయే రోజులు కూడా ఉంటాయి. వారాంతంలో వాహనాల రద్దీ బాగా ఎక్కువ. నాన్నగారు చలికి తట్టుకోగలరంటే, కోనసీమలో ఒక రోజు తగ్గించుకుని, వారం మధ్యలో ఒక రాత్రి అక్కడ ఉండండి. లేకపోతే వదిలేయండి, అరకులో పొద్దున్నే లేచినా మంచు దొరుకుతుంది, వలిసె పూలు కూడా అప్పటికి ఇంకా కొన్ని చేలల్లో ఉంటాయి.