అన్నయ్య పంపిన విరాళాన్ని సంస్థ వెనక్కి పంపింది, ఎందుకు?

పాకాల వాసి:
పొద్దుటి నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, తల వాచిపోయింది. మా చుట్టుపక్కల పల్లెల్లో వైద్య శిబిరాలు పెట్టే స్వచ్ఛంద సంస్థ ఒకటి ఉంది. బీపీ, షుగరు చూస్తారు, నడవలేని వాళ్ల ఇంటికి నర్సు వెళుతుంది. అమ్మ మంచాన పడ్డప్పుడు వాళ్లే చూసుకున్నారు. అమ్మ పేరు మీద లక్ష రూపాయలు ఇద్దామని అన్నయ్య అమెరికా నుంచి పంపితే వెనక్కి పంపేశారు. ఎందుకని అడిగితే ‘రూల్సు ఒప్పుకోవండీ’ అంటారు, అంతకు మించి మాట లేదు. లెక్కలు చూసే ఆయన ఫోన్ ఎత్తడు. ఇస్తామంటే వద్దనే సంస్థను ఎక్కడైనా చూశారా? అన్నయ్య డాక్టరు. సంక్రాంతికి వచ్చినప్పుడు శిబిరంలో కూర్చుంటానన్నాడు. దానికీ నసుగుతున్నారు. తెలిసినవారు చెప్పండి.

పద్దుల పంతులు:
అమ్మా, ఎంత ఇచ్చినా నగదుగా మాత్రం ఇవ్వకండి. రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. సంస్థ మే 31 లోపు విరాళాల వివరాలు పన్ను శాఖకు దాఖలు చేసి మీకు సర్టిఫికెట్ ఇవ్వాలి. మందులు, మంచాలు, వస్తువుల రూపంలో ఇచ్చిన దేనికీ మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు అసలే వర్తించదు. ఈ ముక్క తెలియక ఏటా జూలైలో రసీదుల కట్ట పట్టుకుని వస్తారు జనం.

గట్టు మీద:
అన్నయ్య పాస్‌పోర్ట్ ఏ దేశానిది?

పాకాల వాసి:
పన్ను సంగతి నేను అడగలేదండీ. పాస్‌పోర్టుకూ దీనికీ ఏమిటి సంబంధం? ఆయన ఎన్నారై.

రేణిగుంట రోడ్డు:
అసలు సంస్థలు ఎందుకండీ? నిక్షయ్ మిత్ర పథకం ఉంది, 2022 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. ఎవరైనా పేరు నమోదు చేసుకుని క్షయ రోగికి నెల నెలా పోషకాహారం ఇవ్వొచ్చు. ప్రభుత్వం రోగి ఖాతాలో వేసే ఐదు వందలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది, కానీ వెయ్యితో పప్పు, గుడ్లు, పాలు నెలంతా వస్తాయా? మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో వందేళ్ల కిందటే క్షయ ఆసుపత్రి వెలసిన ప్రాంతం మనది. అయినా క్షయ అంటే మనవాళ్లు ఇప్పటికీ చెవిలో చెప్పుకుంటారు. ఆ లక్ష ఇటు మళ్లించండి.

గట్టు మీద:
పాస్‌పోర్ట్?

శిబిరం అక్క:
నేను కుప్పం వైపు ఇలాంటి శిబిరాలకు వెళ్తుంటాను. డబ్బు సంగతి తేలాక దేనికి ఇస్తున్నారో కూడా ఆలోచించండి. షుగరు చూసే మెషిన్లు ఇచ్చే దాతలకు కొదవ లేదు. రిబ్బను కట్ చేసి, ఫొటో దిగి వెళ్తారు. ఆ మెషిన్లలో పెట్టే స్ట్రిప్‌లు ఇచ్చేవారు కనబడరు. ఒక కంపెనీ మెషిన్‌కు ఇంకో కంపెనీ స్ట్రిప్ సరిపోదు. మా బీరువాలో మూడు రంగుల మెషిన్లు పడి ఉన్నాయి, చేతిలో ఉన్న స్ట్రిప్‌ల డబ్బా నాలుగోదానిది. ఆ డబ్బా కూడా సగం వరుసలోనే అయిపోతే, పరగడుపున నడిచి వచ్చిన ముసలామెకు ‘వచ్చే నెల రా అవ్వా’ అని చెప్పాలి. బీపీ మెషిన్ పట్టీకి అంటుకునే గుణం పోతే చేత్తో అదిమి పట్టుకుని చూస్తాం. కొత్త పట్టీకి ఖర్చు ఎంతో కాదు, కానీ దాని మీద దాత పేరు రాయడానికి చోటుండదు కదా!

కార్వేటినగరం:
జీతాలకు పైసా పోకుండా చూసుకోండి. నేను ఇచ్చేది మందులకే.

శిబిరం అక్క:
మందు దానంతట అదే పల్లెకు నడిచి వెళ్తుందా? నర్సుకు జీతం, స్కూటీకి పెట్రోలు కావాలి.

కార్వేటినగరం:
సేవ అనుకుంటే జీతం అడగరు.

శిబిరం అక్క:
మీరు ఆదివారం వచ్చి రిజిస్టరు రాయండి, చాలు. భోజనం మేమే పెడతాం.

పాకాల వాసి:
నా ప్రశ్న ఎక్కడికి పోయింది? అన్నయ్య పౌరసత్వం మారి చాలా ఏళ్లయింది, విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. అయితే ఏమిటట? పుట్టింది పాకాలలో, చదివింది తిరుపతిలో. మనవాడు కాకుండా పోతాడా?

గట్టు మీద:
ఎఫ్‌సీఆర్‌ఏ, విదేశీ విరాళాల చట్టం. సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. అందుకే వెనక్కి పంపారు.

కార్వేటినగరం:
ఎన్నారైలు పంపేదంతా విదేశీ విరాళమే. మా బావ దుబాయ్‌లో ఉన్నాడు, నాకు తెలుసు.

పద్దుల పంతులు:
కాదండీ. ఆదాయపు పన్నుకు ఎవరు ఎన్నారై అనేది దేశంలో ఎన్ని రోజులు ఉన్నారన్న లెక్క. విదేశీ విరాళాల చట్టం, అంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చూసేది పౌరసత్వాన్ని. మీ బావగారు భారత పౌరుడైతే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఈమె అన్నయ్య పంపేది అవుతుంది, ఓసీఐ కార్డు ఉన్నా అంతే. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయినా అలాంటి డబ్బును ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే తీసుకోవాలి. ఇది 2020 సవరణ.

కార్వేటినగరం:
బావ పాస్‌పోర్ట్ సంగతి కనుక్కుంటాను.

రేణిగుంట రోడ్డు:
ఇంత తంటా ఎందుకు? చెల్లెలి ఖాతాకు పంపమనండి, ఆమె ఇచ్చేస్తుంది.

గట్టు మీద:
వద్దు.

పద్దుల పంతులు:
అన్నయ్య చెల్లెలికి పంపుకోవడం తప్పు కాదు. బంధువుల నుంచి ఏడాదికి పది లక్షల వరకు అయితే ప్రభుత్వానికి తెలియజేయనక్కరలేదు కూడా. కానీ ఆ డబ్బునే ఆయన విరాళంగా మీ చేతుల మీదుగా తిప్పితే, రేపు చిక్కుల్లో పడేది సంస్థ. రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో పెద్ద సంస్థకు ఇచ్చి, అక్కడి నుంచి దీనికి ఇప్పించడం కూడా కుదరదు, 2020 తర్వాత ఆ దారి మూసేశారు. అన్నయ్య రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు నేరుగా ఇవ్వొచ్చు. లేదా ఈ సంస్థే ఈ దాత, ఈ మొత్తం, ఈ పని అని రాసి కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి కోరవచ్చు. లక్ష కోసం అంత కాగితాల పని వాళ్లు పెట్టుకోకపోవచ్చు. మీ సొంత సంపాదనలోంచి మీరు ఇస్తే ఏ అడ్డూ లేదు.

శిబిరం అక్క:
డాక్టరుగారి సంగతి. ఇక్కడి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇప్పటికీ చెల్లుతోందా? అది లేకుండా మందుల చీటీ రాయనివ్వరు, రాయనివ్వకూడదు కూడా. లేకపోతే మా నర్సులకు ఒక పూట పాఠం చెప్పమనండి. షుగరు ఉన్నవాళ్ల పాదాలు ఎలా పరీక్షించాలో చెబితే చాలు. మాకు కావలసింది అదే, చీటీలు రాసేవారు వేలూరులో చాలామందే ఉన్నారు.

రేణిగుంట రోడ్డు:
క్షయ గురించి ఎవరూ మాట్లాడలేదు.

పాకాల వాసి:
అన్నయ్యకు ఇదంతా పంపాను. కౌన్సిల్ కాగితం వెతుకుతున్నాడట. నేను నెలకు వెయ్యి చొప్పున వేస్తానని సంస్థకు చెప్పాను, ఆశ్చర్యం, లెక్కలాయన ఫోన్ ఎత్తాడు. అందరికీ ధన్యవాదాలు. అక్కా, స్ట్రిప్‌లు ఏ కంపెనీవి కొనాలి?

కార్వేటినగరం:
ఆదివారం శిబిరం ఎన్ని గంటలకు? బస్సు ఉందా?